కొవ్వు విలువ తెలియడానికి నూరేళ్లు

మా ఊరి పేరు చెబితే పొరుగూళ్ల వాళ్లు నవ్వేవారు. కొవ్వెక్కువ గనుక కొవ్వూరట! గోష్పాద క్షేత్రం ఉన్న ఊరు, గోవూరే కొవ్వూరైందని పెద్దలు చెప్పే మాట ఆ నవ్వుల్లో ఎవరికి వినపడుతుంది? అయితే ముఖం ముడతలు పోగొట్టే ఫేస్‌లిఫ్ట్ చరిత్ర చదివాక నాకా కోపం పోయింది. సర్జన్లు నూరేళ్లు తంటాలు పడి నేర్చుకున్నది కొవ్వు విలువే.

1901లో బెర్లిన్‌లో ఒక పోలండ్ జమీందారిణి కోరితే, ఆయ్‌గెన్ హోలాండర్ ఆమె చెవుల దగ్గర కాస్త చర్మం కోసి, మిగిలింది లాగి కుట్టాడు. తర్వాత డెబ్బై ఏళ్లు దాదాపు అందరిదీ అదే దారి. ఆ బిగువు ఎన్నాళ్లో నిలిచేది కాదు. బూరుగుదూది పరుపులో దూది ఓ మూలకు దిగజారితే పైగుడ్డ లాగి కుట్టి ఏం లాభం?

1970ల్లో స్వీడన్ సర్జన్ టోర్డ్ స్కూగ్ చర్మాన్నీ దాని కింది పొరనూ కలిపి ఎత్తాడు. 1976లో పారిస్‌లో మిట్జ్, పెయ్‌రోనీ శవాలను కోసి చూసి ఆ పొరను వివరించారు. డాక్టర్లు దాన్ని స్మాస్ అంటారు. దాని కిందే ముఖాన్ని కదిలించే నరాల కొమ్మలు ఉంటాయి. పొరపాటున ఒకటి తెగితే మూతి వంకరపోవచ్చు. అందుకే ఆ లోతుకు దిగడానికి చాలామంది జంకారు. డాలస్‌లో సామ్ హామ్రా దిగాడు. 1990లో తన 'డీప్ ప్లేన్' పద్ధతిని ప్రచురించాడు.

ఆయన నాకు నచ్చింది ఆ ధైర్యానికి కాదు. కళ్ల కింద సంచుల్లా ఉందని కొవ్వు తీసి పారేయడం అప్పటి ఆనవాయితీ. కొన్నాళ్లు ముచ్చటగానే ఉండేది. ఏళ్లు గడిచేసరికి కళ్లు గుంటలు పడేవి, చెంపలు ఎదురుగాలిలో నిలబడ్డట్టు చెవుల వైపు ఈడ్చుకుపోయేవి. 1995లో హామ్రా ఆ కొవ్వును తీయకుండా అక్కడే సర్దే పద్ధతి రాశాడు. 1998లో ఆ గుంటలు ఫేస్‌లిఫ్ట్ తెచ్చిపెట్టినవేనని వైద్య పత్రికలో కుండబద్దలు కొట్టాడు. తన వృత్తి గురించి తానే అలా రాసే వాళ్లు ఎందరుంటారు?

చిత్రమేమిటంటే, 1893లోనే జర్మనీలో గుస్తావ్ నోయ్‌బర్ చేతి నుంచి తీసిన కొవ్వు ముక్కలతో ముఖం మీది మచ్చ గుంట పూడ్చాడు. 1990ల్లో న్యూయార్క్ సర్జన్ సిడ్నీ కోల్‌మన్ అదే పనిని సన్న గొట్టాలతో, చుక్కచుక్కగా చేయడం అలవాటు చేశాడు. పెట్టిందంతా నిలవదు, కొంత ఇంకిపోతుంది.

హైదరాబాదో విశాఖో వెళ్లి ఫేస్‌లిఫ్ట్ చేయించుకోవాలనుకునే మా ఊరివాళ్లకు ఒక్క మాట. నెల తిరక్కముందు తీసిన ఫొటోలు చూసి మురిసిపోకండి. పదేళ్ల తర్వాతివి చూపించమనండి.