సూర్య స్థిరాంకము నిజముగా స్థిరమేనా?

నెల్లూరు తీరమున ఇస్కపల్లి ఉప్పుమడులలో సముద్రజలము ఎండి ఉప్పగుట మన మెరిగినదే. ఒకనాడు నీరు త్వరగా ఆవిరియగును, మరొకనాడు జాగగును. ఈ భేదము సూర్యునిదా, నడుమనున్న గాలిదా? సూర్యశక్తిని కొలువబూనిన శాస్త్రజ్ఞులను చిరకాలము చిక్కుపెట్టిన ప్రశ్న ఇదియే.

భూమి సూర్యునికి సగటు దూరమున నున్నప్పుడు, వాతావరణమునకు వెలుపల, కిరణములకు ఎదురుగా నిలిపిన ఒక చదరపు మీటరుపై ఎన్ని వాట్ల శక్తి పడునో ఆ సంఖ్యను సూర్య స్థిరాంక మందురు. 1838లో పూయే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీని విలువను ప్రకటించెను. మసిపూసిన లోహపాత్రలో నీరు పోసి, నీడలోను ఎండలోను ఐదేసి నిమిషములుంచి, ఉష్ణమాపకముతో వేడిమిని గుర్తించెను. పొద్దు వాలుకొలది కిరణములు దాటవలసిన గాలి పెరుగును. కనుక వేర్వేరు వేళల కొలతలను పోల్చి, గాలి హరించిన పాలును లెక్కగట్టెను. వచ్చిన ఫలితము సుమారు 1,228 వాట్లు.

1881లో అమెరికాలో లాంగ్లీ విట్నీ పర్వతముపై కొలతలు తీసెను. కాని గాలి పాలును గణించుటలో పొరబడి, నేటి విలువకు రెండింతలు మించిన సంఖ్యను ప్రకటించెను. ఆయన అనంతరము ఆబట్ దశాబ్దముల తరబడి శ్రమించి దానిని సరిదిద్దెను. అయినను ఆబట్ సూర్యునివని తలచిన మార్పులలో హెచ్చుపాలు గాలివేయని తరువాత తేలెను.

గాలిని దాటినగాని సందేహము తీరదు. 1978లో నింబస్-7 ఉపగ్రహము ఆ పనికి పూనుకొనెను. తరువాతి ఉపగ్రహముల కొలతలతో విలువ సుమారు 1,361 వాట్లని స్థిరపడినది. సూర్యునిపై మచ్చలు హెచ్చి తగ్గు 11 ఏండ్ల చక్రములో ఇది నూటికి 0.1 వంతు మాత్రమే మారును. మచ్చలు హెచ్చిన ఏండ్లలోనే సూర్యుడు కొంచెము ఎక్కువ ప్రకాశించుట వింత. మచ్చలవలన కలుగు లోటును వాటి చుట్టునుండు కాంతిమంతములైన ప్రాంతములు మించి పూరించును.

ఇంత స్వల్పమైన మార్పును కొలుచుట ఎందులకు? ఇటీవలి దశాబ్దములలో భూమి వేడెక్కినది. సూర్యశక్తిలో మాత్రము అందుకు తగిన పెరుగుదల కానరాలేదు. కావున ఈ నేరమును సూర్యునిపై మోపుటకు వీలులేదు. ప్రధాన కారణము మనము గాలిలోనికి వదలు బొగ్గుపులుసు వాయువు మొదలగునవే.

మొత్తము శక్తికంటె అతినీలలోహిత కిరణములు ఎక్కువగా మారును. వాటిలో చాలభాగమును ఓజోను పొర అడ్డగించును గనుక, వాటినికూడ ఆకాశమునుండియే చూడవలెను. ఆదిత్య-ఎల్1 నౌకలోని సూట్ దూరదర్శిని ఇందుకే అమర్చబడినది. ఆ నౌక 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన కక్ష్యను చేరెను. పూర్వము నెల్లూరు జిల్లాలోనిదైన శ్రీహరికోట 2022నుండి తిరుపతి జిల్లాలో నున్నది.

విద్యార్థులారా! మసిపూసిన మూతడబ్బాలో నీరు నింపి, మధ్యాహ్నమొకమారు, సాయంకాలమొకమారు సూర్యునికి ఎదురుగా నిలిపి చూడుడు. ఆకాశము నిర్మలముగా నున్ననాడు ఆ రెండు కొలతల భేదము చాలవరకు గాలిదే. పూయే లెక్క అక్కడనే మొదలైనది.