లెక్క రాసేటోడు ఎవరు? యూట్యూబ్ స్టూడియో చరిత్ర, లంబాడిపల్లి చెప్పే పాఠం

ఈ ఎపిసోడ్ ఛానల్ పెట్టినోళ్లకు, పెడదామని చూస్తున్నోళ్లకు. గోపాల్‌పేట, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల... మన దిక్కు ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఒక్కడైనా ఛానల్ నడిపేటోడు ఉంటడు. పొద్దున లేవంగనే వాడు తెరిచేది యూట్యూబ్ స్టూడియో యాప్. నిన్నటికంటే వ్యూస్ పెరిగినయా, తగ్గినయా? బాణం పైకుంటే ఆ రోజంతా ఖుషీ. కిందికుంటే అన్నం కూడా సరిగ్గా పోదు. ఆ తెర మీద కనిపించే అంకెలు ఎక్కడి నుంచి వచ్చినయి, ఎన్నిసార్లు మారినయి, ఎవరు మార్చిండ్రు అన్నదే ఈరోజు కథ.

ముందు మన ఊరి ముచ్చట ఒకటి చెప్పుకుందాం. గోపాల్‌పేట ఒకప్పుడు సంస్థానం. గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత లెక్కనే నిజాంకు పేష్కష్ కట్టేది. ఆ కాలంలో రైతుకు ఎంత భూమి ఉంది, ఏం పంట వేసిండు, ఎంత శిస్తు కట్టాలి అన్నదంతా పట్వారీ దఫ్తర్‌లో ఉండేది. పొలం రైతుది, చెమట రైతుది, లెక్క మాత్రం పట్వారీ చేతిల. పహాణీలో ఏ గడి ఉంటే ఆ గడిలో పడ్డదే నిజం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది గానీ, "కాగితం మీద ఏముంది?" అనే భయం ఊళ్లల్ల ఇప్పటికీ పోలేదు.

స్టూడియో కూడా ఒక పహాణీ లాంటిదే. తేడా ఏందంటే, ఈ దఫ్తర్ మన ఫోన్‌లోనే తెరుచుకుంటది, మన లెక్క మనమే చూసుకోవచ్చు. కానీ అందులో ఏ గడులు ఉండాలో నిర్ణయించేది మాత్రం మనం కాదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుని మిగతా కథ వినండి.

యూట్యూబ్‌లో మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23న ఎక్కింది. జూలో ఏనుగుల ముందు నిలబడి జావెద్ కరీం మాట్లాడిన 19 సెకన్ల వీడియో. 2006లో గూగుల్ ఆ కంపెనీని 165 కోట్ల డాలర్లకు కొన్నది. 2007లో పార్టనర్ ప్రోగ్రామ్ మొదలైంది, అంటే వీడియో తీసినోళ్లకు యాడ్ డబ్బుల్లో వాటా. డబ్బు వచ్చినంక లెక్క కావాలి గదా? 2008లో 'ఇన్‌సైట్' అనే పేరుతో మొదటి లెక్కల పేజీ వచ్చింది. 2011లో దాని స్థానంలో యూట్యూబ్ అనలిటిక్స్ వచ్చింది. తర్వాత క్రియేటర్ స్టూడియో, 2018 నుంచి మెల్లమెల్లగా ఇప్పుడు మనం చూస్తున్న యూట్యూబ్ స్టూడియో.

పేర్లు మారడం పెద్ద విషయం కాదు. అసలు విషయం, దేన్ని లెక్క పెట్టాలి అన్నది మారడం.

మొదట్లో రాజు 'వ్యూ'. ఎన్నిసార్లు నొక్కితే అంత గొప్ప. దాంతో ఏమైంది? బొమ్మ ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. జనం నొక్కుడు, తిట్టుకుంట బయటికొచ్చుడు. అందుకే 2012లో యూట్యూబ్ పద్ధతి మార్చింది. ఎన్నిసార్లు నొక్కిండ్రు అన్నదానికంటే ఎంతసేపు చూసిండ్రు అన్నదానికి బరువు పెంచింది. అదే వాచ్ టైమ్. నొక్కుడు మీద బతికిన ఛానళ్లకు ఆ మార్పుతో దెబ్బ పడ్డది.

సరిగ్గా ఆ 2012లోనే జగిత్యాల దిక్కు మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరామ్ శ్రీకాంత్ 'మై విలేజ్ షో' మొదలుపెట్టిండు. మన పాలమూరుకు అది దూరమే గానీ, తెలంగాణలో ఊరి ఛానల్ అంటే మొదట చెప్పుకోవాల్సింది దాని గురించే. పల్లె బతుకు, పల్లె నవ్వు, పల్లె యాస. నటులు కూడా ఊరోళ్లే.

ఆ కాలాన్ని ఒకసారి ఊహించుకోండి. జియో ఇంకా లేదు, అది వచ్చింది 2016 సెప్టెంబర్ 5న. అంతకుముందు ఒక్క జీబీ డేటాకు రెండొందల పైనే పెట్టాల్సి వచ్చేది. ఊర్లో వీడియో చూసుడంటే మెమరీ కార్డుల ఎక్కించుకుని చూసుడే. అట్ల చూసింది ఏ డాష్‌బోర్డ్‌లోనూ పడదు. అంటే ఊరి వీడియోలు తీసేటోళ్లు ఉన్నరు, చూడాల్సిన ఊరి జనం మాత్రం ఇంకా నెట్‌లోకి రాలేదు. మొదటి నాలుగేళ్లూ అంకెలను మాత్రమే నమ్మి ఉంటే, ఇట్లాంటి ఛానల్ ఏదైనా మూసుకోవాల్సిందే. వాళ్లు మూయలేదు.

జియో వచ్చినంక గేట్లు తెరుచుకున్నయి. గంగవ్వ ఆ షోలోకి వచ్చింది. కూలి పని చేసుకుంట, బీడీలు చుట్టుకుంట బతికిన మనిషి. తన మాటలతోనే తెలుగు రాష్ట్రాలంతా తెలిసిన మనిషైంది. 2019లో 'మల్లేశం' సినిమాలో కనిపించింది, 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు పోయింది. ఆంధ్ర దిక్కు వందేళ్లు దాటిన మస్తానమ్మ 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌లో కట్టెల పొయ్యి మీద వంట చేసి దేశాలు దాటింది, 2018లో కన్నుమూసింది. 'గ్రాండ్‌పా కిచెన్' నారాయణ రెడ్డి పెద్ద పెద్ద గుండిగల్లో వండి అనాథ పిల్లలకు పెట్టిండు, 2019లో పోయిండు. ఈ ముగ్గురి వీడియోలూ జనం ఆగి చూసేటట్టు చేసింది వాళ్ల మాట, వాళ్ల చెయ్యి. సీటీఆర్ లెక్కలు చూసి కట్టిన వేషాలు కావవి.

ఇగ అదే టైమ్‌లో గడి మళ్లీ మారింది. 2017లో యాడ్స్ రావాలంటే మొత్తం 10,000 వ్యూస్ ఉంటే చాలన్నరు. ఏడాది తిరగకముందే, 2018 జనవరిలో కొత్త రూల్ ప్రకటించిండ్రు: 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వాచ్ టైమ్. ఫిబ్రవరి 20 నుంచి అమలు. ప్రపంచమంతా చిన్న ఛానళ్లకు యాడ్స్ ఆగిపోయినయి.

4,000 గంటలంటే ఎంతో లెక్క గట్టండి. 2,40,000 నిమిషాలు. మీ వీడియో ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూస్తే 60,000 వ్యూస్ కావాలి. 2 నిమిషాలే చూస్తే 1,20,000. అందుకే మనోళ్లు రెండు నిమిషాల ముచ్చటను పది నిమిషాలు సాగదీసుడు నేర్చిండ్రు. కొందరైతే డబ్బులిచ్చి సబ్‌స్క్రైబర్లను కొన్నరు. కొన్నోళ్లు వీడియో చూడరు. పైగా అది యూట్యూబ్ రూల్స్‌కు విరుద్ధం, ఛానలే పోవచ్చు. జేబు ఖాళీ, ఛానల్ ఖాళీ.

2020 జూన్ 29న టిక్‌టాక్ బ్యాన్ అయింది. ఆ సెప్టెంబర్‌లోనే యూట్యూబ్ షార్ట్స్‌ను ప్రపంచంలో అన్నిటికంటే ముందు మన దేశంలోనే మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరి నుంచి షార్ట్స్‌కు యాడ్ వాటా ఇస్తున్నరు. పెద్ద వీడియోకు తీసినోడికి 55 శాతం, షార్ట్స్ వాటాలో 45 శాతం. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన టైమ్ ఆ 4,000 గంటల్లో కలవదు. ఇది తెలియక మస్తు మంది ఏడాదంతా షార్ట్స్ పెట్టి, గంటలు ఎందుకు కదలట్లేదని తల పట్టుకుంటున్నరు. 2025 మార్చి 31 నుంచి ఇంకో మార్పు: షార్ట్ ఆడటం మొదలైతే చాలు వ్యూ కింద లెక్క. అంకె ఒక్కసారిగా పెరిగి కనిపిస్తది. డబ్బులు మాత్రం ఇప్పటికీ 'ఎంగేజ్డ్ వ్యూస్' మీదనే. స్క్రీన్‌షాట్ పెట్టి పండుగ చేసుకునే ముందు ఈ రెండు గడులూ పక్కపక్కన పెట్టి చూడండి.

మరి ఇన్నిసార్లు మారే లెక్కను నమ్మాలా, వద్దా? చూడాలి. కానీ ఏం అడగాలో తెలిసి చూడాలి.

ఒకటి, ఇంప్రెషన్స్, సీటీఆర్. మీ థంబ్‌నెయిల్ కనీసం సగం, ఒక సెకను పైగా తెర మీద కనిపిస్తే ఒక ఇంప్రెషన్. చూసినోళ్లలో నూటికి ఎంతమంది నొక్కిండ్రు అన్నది సీటీఆర్. సగం ఛానళ్లకు అది 2 నుంచి 10 శాతం మధ్యనే ఉంటదని యూట్యూబే చెప్తది. కాబట్టి మీది 4 శాతం ఉంటే ఏడవాల్సిన పనిలేదు.

రెండు, రిటెన్షన్ గ్రాఫ్. ఇదే అసలు బంగారం. గీత ఏ సెకను దగ్గర పడిపోయిందో ఆ సెకనుకు పోయి మీ వీడియో మీరే చూడండి. "హాయ్ ఫ్రెండ్స్, లైక్ చేయండి, షేర్ చేయండి, గంట కొట్టండి" అనే కాడ పడిపోయిందా? అయితే దాన్ని తీసేయండి. గీత ఎక్కడ లేచిందో అది కూడా చూడండి. ఆడ జనం వెనక్కి జరిపి మళ్లీ చూసిండ్రన్నట్టు.

మూడు, ఆడియన్స్ పేజీ. మీ ప్రేక్షకులు ఏ టైమ్‌ల యూట్యూబ్‌లో ఉంటరు, ఏ జాగాలో ఉంటరు అన్నది అక్కడుంది. పాలమూరు అంటేనే వలస జిల్లా. మనోళ్లు ముంబైలో, పూణెలో, హైదరాబాద్‌లో బిల్డింగుల దగ్గర పని చేస్తుంటరు. మీ లెక్కలో దూరపు జాగా కనిపిస్తే తప్పు అనుకోకండి. పని దిగి, రాత్రి గదిలో పండుకుని మన యాస వింటున్న మనిషి అయి ఉండొచ్చు. ఆయన టైమ్‌కు వీడియో పెట్టండి, ఆయనకు యాదికొచ్చే ఊరిని చూపించండి.

ఇంకో చిన్న మాట. 2021 నవంబర్ నుంచి డిస్‌లైక్ అంకె బయటోళ్లకు కనిపించదు, స్టూడియోలో మీకు మాత్రం కనిపిస్తది. దాన్ని చూసి గుండె చెదరొద్దు. సంపాదన 10 డాలర్లకు చేరినంక అడ్రస్ సరిచూసుకునేందుకు యాడ్‌సెన్స్ నుంచి పిన్ ఉన్న ఉత్తరం పోస్టులో వస్తది. ఇంటి నంబర్, పిన్‌కోడ్ సరిగ్గా రాసుకోండి. ఊర్లో సగం మంది ఆగేది అక్కడనే.

చివరిగా ఒక్కటే చెప్తా. 2008 నుంచి ఇప్పటిదాకా గడులు మారుతనే ఉన్నయి, రేపు కూడా మారుతయి. వ్యూ కోసం తీసినోడు 2012లో పడ్డడు, పదివేలు దాటితే చాలనుకున్నోడు 2018లో ఆగిండు. లంబాడిపల్లోళ్లు వాళ్ల ఊరిని పట్టుకుని ఉన్నరు, లెక్కే వాళ్ల దగ్గరికి నడిచొచ్చింది. పట్వారీ కాలంలో రైతు ఎవుసం ఆపలేదు గదా? దఫ్తర్ చదువుడు నేర్చుకోండి, కానీ పొలం మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి.

మీ రిటెన్షన్ గీత ఎక్కడ పడుతుందో కింద కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌ల దాని మీదనే మాట్లాడుకుందాం.