భూగోళం చాటున సైన్సు

"ఆడపిల్లకి అన్ని లెక్కలెందుకమ్మా, చాకలి పద్దు రాసుకుంటే చాలదూ?" అనే మాట మన వీధి అరుగుల మీదే పుట్టిందనుకుంటాం. దొరల దేశంలోనూ అన్నారు. తన కూతుళ్ళు బ్యాంకులేమైనా నడపబోతున్నారా, ఇంత గణితం నేర్పుతున్నారూ అని విసుక్కున్న తండ్రి అక్కడా ఉన్నాడు.

ఆ విసుగు వినవలసి వచ్చినావిడ డొరోథియా బీల్. లండన్‌లో ఒక సర్జన్‌గారి కూతురు. 1858లో చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చేనాటికి ఆమెకి 27 ఏళ్ళు. పేరుకి కాలేజీయే గానీ అది ఆడపిల్లల బడి. 1853లో ఏర్పాటై, మరుసటేడు 82 మందితో మొదలైంది. చెల్టెన్‌హామ్ ఔషధపు నీటి బుగ్గలకి పేరుపడ్డ ఊరు. మన దేశంలో ఉద్యోగాలు వెలగబెట్టి పింఛను పుచ్చుకున్న దొరలెందరో అక్కడే కాపురాలు పెట్టారు. ఆడపిల్లలున్న ఇళ్ళకి కొదవలేదు. అయినా బీల్ వచ్చేసరికి బడిలో మిగిలినవాళ్ళు 69 మంది. ఖజానా దాదాపు ఖాళీ.

అప్పటికి గొప్పింటి పిల్ల చదువంటే పియానో, కాస్త ఫ్రెంచి, కుట్టుపని. బీల్‌కి గణితం ప్రాణం. కానీ వచ్చీరాగానే యూక్లిడ్ జ్యామితి ఎత్తుకుంటే తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేస్తారని, బడే మూతపడుతుందని ఆమెకి తెలుసు. అందుకని భూగోళ శాస్త్రం అని పేరు పెట్టి, ఆ చాటున సైన్సు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటారా? మగపిల్లలు ఆ రోజుల్లో భూగోళం పెద్దగా చదివేవారు కారు. మగవాళ్ళకి అక్కర్లేని చదువు ఆడవాళ్ళు చదివితే ఏం కొంప మునుగుతుంది! పోపులడబ్బాలో చిల్లర దాచుకునే మనకి ఈ యుక్తి ఒకరు విడమర్చి చెప్పాలా?

ఇంత తెలివిగల బడికి ఒక మచ్చా ఉంది. అక్కడ పెద్దమనుషుల పిల్లలకే చోటు. దుకాణదారు కూతురు ఎంత చురుకైనదైనా గడప తొక్కడానికి వీల్లేదు. అదే కాలంలో లండన్‌లో ఫ్రాన్సెస్ మేరీ బస్ అనే ఆవిడ, 1850లో పెట్టిన తన బడిలో వ్యాపారస్తుల పిల్లల్నీ నిక్షేపంగా చేర్చుకుంది. కనక, కాలమే అలాంటిదని సరిపెట్టుకోవడానికి నా మనసొప్పదు. పెద్దింటి బడి అన్న పరువు కూడా చెల్టెన్‌హామ్ నిలదొక్కుకోవడానికి పనికొచ్చిందేమో, అది వేరే మాట.

బస్, బీల్ ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. మన్మథ బాణాలు వీళ్ళకి తగలవంటూ ఎవరో ఎగతాళి పద్యం కట్టారు. దేశమంతా చెప్పుకుని నవ్వుకుంది. బీల్ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. కాలేజీలో క్రమశిక్షణ ఎంతటిదంటే, అనుమతి లేకుండా పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. (మన పిల్లలైతే మధ్యాహ్నానికే గోడ దూకుదురు.) అయినా పిల్లలు పెరిగారు, కొత్త భవనాలు లేచాయి, గణితం కూడా చాటు వదిలి బయటికొచ్చింది. ఇప్పటికీ అది ఆడపిల్లల బడే. ఫీజు కట్టాలంటే ఇంగ్లండులోనూ మామూలు సంసారులకి గుండె ఆగుతుంది.

బడి చదువుతో ఆగక 1893లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆడవాళ్ళ కోసం సెయింట్ హిల్డాస్ స్థాపించింది బీల్. 69 మందితో తన చేతికొచ్చిన బడిని వెయ్యి దాటించి 1906లో కన్నుమూసింది. ఆక్స్‌ఫర్డ్ పెద్దలు ఆడవాళ్ళ చేతికి డిగ్రీ కాయితం ఇచ్చేసరికి 1920 వచ్చింది.