పట్టే వైరసు, విడిపించే ఎంజైము

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయినవి. తూర్పుగోదావరి జిల్లా కానూరు అగ్రహారం, పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరుల నమూనాలను భోపాలులో పరీక్షించి, అది పక్షుల ఇన్‌ఫ్లుయంజా అని తేల్చారు. నాడు పత్రికలలో కనబడిన ‘హెచ్5ఎన్1’ అనే పేరును కోనసీమ విద్యార్థులు కూడ చదివే ఉంటారు. ఇందులో ‘ఎన్’ అంటే ఏమిటి?

1941లో న్యూయార్కులో జార్జి హర్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు, ఇన్‌ఫ్లుయంజా సోకిన కోడిగ్రుడ్డు ద్రవంలో ఎర్ర రక్తకణాలు గుంపులుగా అతుక్కొనడం గమనించాడు. మరుసటి ఏడు ఇంకొక వింత చూచాడు. చల్లదనంలో కణాలను పట్టుకొన్న వైరసు, 37 డిగ్రీల వెచ్చదనంలో తానే వాటిని విడిచింది. విడివడిన వైరసు క్రొత్త కణాలను మళ్లీ పట్టగలదు. కాని అది విడిచిన కణాలను అదే రకపు క్రొత్త వైరసు పట్టలేదు. అనగా మార్పు కణానికే గాని వైరసుకు కాదు. తాను మారక ఎదుటి పదార్థాన్ని మార్చడం ఎంజైము లక్షణం గదా!

కొద్ది సంవత్సరాలకు మెల్‌బోర్న్‌లో బర్నెట్, ఆయన సహచరులు కలరా క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి రక్తకణాలకు కలిపారు. ఆ కణాలను కూడ వైరసు పట్టలేకపోయింది. వైరసుకూ బాక్టీరియాకూ ఒకే విధమైన కత్తెర ఉన్నదన్నమాట. అది కోసేది కణాల పైనుండే సియాలిక్ ఆమ్లాన్ని. ఆ ఎంజైముకు 1957లో గాట్‌షాక్ ‘న్యూరామినిడేజ్’ అని పేరు పెట్టాడు. అదే మన ‘ఎన్’.

దీని ప్రయోజనమేమి? వైరసులోని ‘హెచ్’ ప్రోటీను సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకొని కణంలో ప్రవేశిస్తుంది. లోపల పుట్టిన పిల్ల వైరసులు బయటకు రాగానే అదే ఆమ్లానికి చిక్కుకొంటాయి. రేవుకు కట్టిన పడవ మోకు విప్పనిదే కదలదు. ఆ మోకును కోసేది ‘ఎన్’. కలరా క్రిమి ఎంజైము, ప్రేగుల కణాలపై తన విషం అంటుకొనే చోట్లను పెంచుతుంది. మన పెరటికోళ్ల కొక్కెర తెగులు వైరసులోనైతే పట్టడం, కోయడం రెండూ ఒకే ప్రోటీను పని.

1983లో ఆస్ట్రేలియాలో వర్గీస్, లేవర్, కోల్మన్‌లు ఎక్స్ కిరణాల సహాయంతో ఈ ఎంజైము ఆకృతిని తెలిపారు. ఆమ్లం ఇమిడే గుంటలో ఇరుక్కొని కత్తెరను ఆపే జనామివిర్, ఓసెల్టామివిర్ మందులు 1999లో వాడుకకు వచ్చినవి. రెండవదానికి మూలమైన షికిమిక్ ఆమ్లం, బిర్యానీలో వేసే అనాసపువ్వు నుండి తీసేవారు. 2005 డిసెంబరులో హైదరాబాదులోని హెటిరో సంస్థ దాని తయారీకి రోష్ సంస్థ నుండి అనుమతి పొందింది. 2009 మేలో భారతదేశపు తొలి ‘స్వైన్ ఫ్లూ’ రోగిని గుర్తించినదీ హైదరాబాదులోనే.

కాని వైరసు ఊరుకోలేదు. 2007–08 శీతకాలంలో ఓసెల్టామివిర్‌కు లొంగని హెచ్1ఎన్1 వైరసులు యూరపులో వ్యాపించినవి. ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలింది. సామాన్య జలుబు తెచ్చే రైనోవైరసులకు ఈ కత్తెరే లేదు. వాటిపై ఈ మందు వ్యర్థం. కాబట్టి ప్రతి తుమ్ముకూ దీనిని మింగరాదు. ఇన్‌ఫ్లుయంజాలోనైనా, వైద్యుని సలహాపై, లక్షణాలు కనబడిన 48 గంటలలోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.