శూన్య శక్తి భవనం

శూన్య శక్తి భవనం అనగా ఒక సంవత్సర కాలంలో తాను వాడుకొనే శక్తికి సమానమైన పునరుత్పాదక శక్తిని తానే ఉత్పత్తి చేసుకొనే కట్టడం. ఇక్కడ శూన్యమనేది ఏడాది లెక్కలో మిగిలే శేషం మాత్రమే. గ్రిడ్డుకు కలిపిన భవనం రాత్రివేళ విద్యుత్తును తీసుకొని, పగటి మిగులును తిరిగి ఇస్తుంది.

పరిశోధన

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ 1939లో నిర్మించిన సౌర గృహం ఈ ఆలోచనకు పూర్వరూపాలలో ఒకటి. అది వేసవి ఎండ వేడిమిని పెద్ద నీటితొట్టెలో నిలువచేసి చలికాలంలో వాడుకొనేది. 2006లో అమెరికా జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలకు చెందిన పాల్ టార్సెల్లిని, అతని సహచరులు ఈ శూన్యానికి నాలుగు నిర్వచనాలు చూపారు: భవనం వద్ద వాడకం, మూల ఇంధనం, ఖర్చు, ఉద్గారాలు. ఒక లెక్కలో శూన్యమైనది మరొక లెక్కలో కాకపోవచ్చు. కనుక ఏ కొలత ప్రకారమో చెప్పని ప్రకటనకు విలువ తక్కువ.

భారతదేశంలో

2014 ఫిబ్రవరి 25న ప్రారంభమైన న్యూఢిల్లీలోని ఇందిరా పర్యావరణ్ భవన్‌ను 930 కిలోవాట్ల సౌర ఫలకాలతో ఈ లక్ష్యానికే రూపొందించారు. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ కేంద్రం హరిత భవనంగా ప్రసిద్ధం. అయితే హరిత భవనాలన్నీ శూన్య శక్తి భవనాలు కావు.

లెక్కకు అందనివి

వాడకం తగ్గేకొద్దీ సిమెంటు, ఉక్కు, ఇటుకల తయారీలో ఖర్చైన శక్తి వాటా పెరుగుతుంది. సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినపుడు ఇంధనం నుండే గాక రాయి నుండి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. వార్షిక వాడకపు లెక్కలో ఇది కనిపించదు. ఊరికి దూరంగా కట్టిన భవనానికి వచ్చిపోయేవారి వాహనాల ఇంధనమూ అంతే.