వసతిగృహం - ఆత్మగౌరవం: లండన్‌లో పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘం

సామ్రాజ్య కేంద్రమైన లండన్‌కు విద్యార్జనకై వెళ్లిన వలసదేశాల యువకులకు తొలి పరీక్ష విశ్వవిద్యాలయంలో కాక, అద్దె గదుల అన్వేషణలోనే ఎదురయ్యేది. నల్లవారికి గది ఇవ్వడానికి అనేకమంది ఇంటి యజమానులు నిరాకరించేవారు. వర్ణవివక్షను నిషేధించే తొలి చట్టం బ్రిటన్‌లో 1965లో గాని రాలేదు.

ఈ నేపథ్యంలో నైజీరియాకు చెందిన న్యాయశాస్త్ర విద్యార్థి లాడిపో సొలాంకె, సియెర్రా లియోన్ వైద్యుడు హెర్బర్ట్ బాంకోలె-బ్రైట్ ప్రోత్సాహంతో 1925 ఆగస్టులో పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘాన్ని స్థాపించాడు. ఆఫ్రికన్లకు వసతి కల్పించడం, వారి చరిత్రను, సంస్కృతిని వారి మాటలలోనే లోకానికి చెప్పడం దాని ఆశయాలు. 1926లో ‘వాసు’ అనే పత్రిక వెలువడింది. సొలాంకె 1929 నుండి 1932 వరకు పశ్చిమాఫ్రికాలో పర్యటించి చందాలు సేకరించాడు. ఆ ధనంతో 1933లో క్యామ్డెన్ ప్రాంతంలో వసతిగృహం వెలసింది.

మరుసటి ఏడే బ్రిటిష్ వలస వ్యవహారాల శాఖ అండతో ‘ఆగ్రీ హౌస్’ అనే మరొక వసతిగృహం ప్రారంభమైంది. సదుపాయం పేరిట తమను అదుపులో ఉంచడమే దాని పరమార్థమని సంఘం బహిరంగంగా వ్యతిరేకించింది. ఈ అనుమానం భారతీయులకు కొత్త కాదు. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ లండన్‌లోని హైగేట్‌లో నెలకొల్పిన ఇండియా హౌస్ స్వాతంత్ర్యోద్యమ స్థావరమైంది. 1910లో ఇండియా ఆఫీసు క్రామ్‌వెల్ రోడ్డులో తెరిచిన విద్యార్థి గృహాన్ని మాత్రం మన విద్యార్థులు నిఘా కేంద్రంగానే శంకించారు.

అయితే చందాలు ఎంతోకాలం చాలలేదు. 1930ల చివరికి సంఘం కూడా వలస ప్రభుత్వ సహాయాన్ని స్వీకరించవలసి వచ్చింది. సొలాంకె విమర్శలకు గురయ్యాడు. కానీ సహాయం స్వీకరించిన ఆ సంఘమే 1942లో పశ్చిమాఫ్రికాకు స్వపరిపాలన కావాలని కోరింది. 1945లో లండన్ చేరిన క్వామే ఎన్‌క్రుమా ఈ సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు. 1957లో ఆయన నాయకత్వంలో ఘనా స్వతంత్రమైంది.

నేడు మన నగరాలలోనూ ఆఫ్రికా విద్యార్థులు చదువుకుంటున్నారు. గది కోసం వెదుకుతున్నారు. వారికి చేయూతనిచ్చే సంస్థలకు, అధికారులకు ఈ చరిత్ర బోధించేది ఒక్కటే. సహాయం అందించడంతో బాధ్యత తీరదు. దానిని పొందినవారికి తమ మాట తాము చెప్పుకొనే స్వేచ్ఛ మిగలాలి.