డ్రాఫ్ట్ లాటరీ (బాస్కెట్‌బాల్)

అమెరికా దేశపు ఎన్.బి.ఏ. పోటీలలో, ప్లేఆఫ్స్‌కు అర్హత నొందని 14 జట్లలో క్రొత్త ఆటగాండ్రను ముందుగా ఎన్నుకొను హక్కు ఎవరిదో తేల్చు పద్ధతి ఇది. అడుగుస్థానమునకై జట్లు బుద్ధిపూర్వకముగా ఓడిపోవు దురాచారమును అరికట్టుటకై 1985లో ప్రవేశపెట్టబడెను. అంకెలు వేసిన 14 బంతులను యంత్రమున తిప్పి నాలుగింటిని వెలికితీయగా ఏర్పడు 1,001 కూర్పులలో 1,000 కూర్పులు జట్లకు పంచబడును. పూర్వము అట్టడుగు జట్టుకు 25 శాతమున్న ప్రథమస్థానపు అవకాశమును 2019లో తగ్గించి, చివరి మూడు జట్లకును సమానముగా 14 శాతము చొప్పున ఇచ్చిరి. అయినను అట్టడుగు జట్టు అయిదవ స్థానమునకు దిగువకు జాఱదను అభయముండగా, ఓటమిపై మోజు పూర్తిగా తీరునా? 2025లో 1.8 శాతము అవకాశము మాత్రమే గల డల్లాస్ ప్రథమస్థానము నొంది కూపర్ ఫ్లాగ్ అను ఆటగానిని చేజిక్కించుకొనెను.

ఆటగాండ్రను ఎన్నుకొను ఈ హక్కులను జట్లు ముందుగనే మార్చుకొనవచ్చును. జట్టు పునర్నిర్మాణమునకు అసలు మూలధనము ఇదియే. 2013లో బ్రూక్లిన్ నెట్స్, ప్రాయము మీఱిన గార్నెట్, పియర్స్ ప్రభృతి ఆటగాండ్రకై, 2014, 2016, 2018 తొలివిడత హక్కులను, 2017లో స్థానము మార్చుకొను వెసులుబాటును బోస్టన్ సెల్టిక్స్‌కు ధారపోసెను. నెట్స్ దిగజాఱిన కొలఁది ఫలము బోస్టన్‌కే దక్కెను: 2016లో మూడవ స్థానమున జేలెన్ బ్రౌన్ లభించెను, 2017లో చేజిక్కిన ప్రథమస్థానమును ఫిలడెల్ఫియాకిచ్చి, మూడవ స్థానమును మఱియొక భావి హక్కును గ్రహించి, జేసన్ టేటమ్‌ను ఎన్నుకొనిరి. వీరిరువురును 2024 విజేత జట్టునకు మూలస్తంభములైరి. వరుసగా రెండు భావి సంవత్సరములలో తొలివిడత హక్కు లేకుండునట్లు ఏ జట్టును బేరమాడరాదని నియమము కలదు.